నా బీపీ, నవ్యశ్రీ మార్కులు

జూలై 10, గురువారం

మస్కట్‌లో కరుణాకర్‌కు కడుపులో మంట తగ్గిందా? కోమల నడుము ఎలా ఉంది? నిన్న బీడీల చాట ముందు నుంచి లేస్తూ గోడ పట్టుకున్నది. పక్కింటి ఖుర్షీద్ మోకాలి వాపు దిగిందా? నవ్యశ్రీ తలనొప్పి కళ్లద్దాల వల్లనా, బస్సు వల్లనా? నేను బాగానే ఉన్నాను. మెడ కొంచెం పట్టేసింది, అది చెప్పుకునేంతది కాదు.

కొడుకు మొదటిసారి మస్కట్ పోయినప్పుడు ఉత్తరాలు ఇలాగే మొదలుపెట్టేదాన్ని. ఇంకో రకంగా మొదలుపెట్టడం నాకు రాదు. నా చదువు అయిదో తరగతి. ఈ డైరీ ఎరువుల దుకాణం వాళ్లు ఇచ్చింది. సగం ఏడాది ఖాళీగా పడి ఉంటే మనుమరాలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"బాపమ్మా, నీ ఫికరంత గిండ్ల రాసుకో. నా చెవుల పొయ్యకు."

"రాస్తే తగ్గుతదానే?"

"నీకు తగ్గదు. నాకు తగ్గుతది."

కోమల నవ్వింది. కోడలు నవ్వితే నాకు మంచిగనే ఉంటుంది, కానీ నన్ను చూసి నవ్వితే అంత మంచిగా ఉండదు.

జూలై 12, శనివారం

ఇప్పుడు ఇంట్లో ఉన్న ఫికర్ ఒక్కటే. నవ్యశ్రీ చదువు. కరీంనగర్‌లో డిగ్రీ రెండో ఏడాదిలోకి వచ్చింది, రోజూ సుల్తానాబాద్ నుంచి బస్సులో పోయి వస్తుంది. డిగ్రీ అయ్యాక పెద్దాసుపత్రి వాళ్ల కాలేజీలో ఫిజీషియన్ అసిస్టెంట్ చదువుతుందట. ఆ మాట నాకు నోరు తిరగడానికి వారం పట్టింది.

ఇవాళ ఖుర్షీద్ వచ్చి గుమ్మంలో కూర్చుని అడిగింది.

"గదేం కొలువు బిడ్డా? డాక్టర్ పక్కన సంచి పట్కొని నిలవడుడా?"

"కాదు ఖాలా. డాక్టర్ కన్న ముందు నేనే సూస్త. ఏం నొస్తుంది, ఎప్పటిసంది నొస్తుంది, ఏం మందులు మింగుతున్నరు, అన్నీ అడిగి, చెయ్యి వట్టి సూసి డాక్టర్‌కు చెప్త. డాక్టర్ చెప్పినంక మల్ల నేనే దగ్గరుండి చేపిస్త."

"అయితే మీ బాపమ్మ కొలువే. పొద్దుగూకులు అందరినీ అడుగుడే గదా ఆమె పని."

"బాపమ్మ అడుగుతది ఖాలా, జవాబు ఇనదు."

వింటాను. ఎందుకు వినను.

ఈ ఏడాది అదనంగా ఒక పేపరు తీసుకోవాలట, ఆప్షనల్ అంటారు. రెండున్నాయి. పోషకాహారం అనేది తేలిక, తీసుకున్న వాళ్లందరికీ మార్కులు పడతాయి. రెండోది శరీర ధర్మశాస్త్రం. గుండె, రక్తం, నరాలు. క్లాసులో ఎక్కువ మంది దాని జోలికి పోలేదు. మా పిల్ల అదే పట్టుకున్నది. ఆ ఆసుపత్రి కాలేజీ వాళ్లేమో ముందు డిగ్రీ మార్కులు చూస్తారు, ఆ తర్వాతే కూర్చోబెట్టి మాట్లాడతారు.

"మార్కులు తగ్గితే సీటే రాదు గదనే?" అన్నాను.

"సీటు వచ్చినంక అక్కడ చెప్పేది గిదే బాపమ్మా. ఇప్పుడు కొంచెం తెలిస్తే అక్కడ మునిగిపోను."

సీటే రాకపోతే ఆ తెలిసింది పెట్టుకుని ఏం చేస్తుంది? అడగలేదు. ఇక్కడ రాస్తున్నాను.

జూలై 15, మంగళవారం

ఈ ఆప్షనల్‌కు ప్రాక్టికల్ ఉన్నది. ఇంట్లో ఒకరికి నెల రోజులు బీపీ చూసి, కాగితం మీద వరుసగా రాసి, వారం వారం ఆ పాఠం చెప్పే తహసీన్ మేడానికి చూపించాలి. దానికీ మార్కులు.

"అమ్మను సూడు" అన్నాను.

"అమ్మకు బీపీ లేదు. నీకున్నది. నువ్వయితేనే సూసేటందుకు ఏమన్న ఉంటది."

జీవితంలో మొదటిసారి నాకున్న రోగం ఒకరికి పనికొచ్చింది. జబ్బకు పట్టీ చుట్టి రబ్బరు బుడ్డి ఒత్తుతూ ఉంటే చెయ్యి బిగుసుకుపోయింది. అది చెవుల్లో గొట్టాలు పెట్టుకుని కళ్లు మూసుకుని వింటున్నది. వాళ్ల తాత కూడా ఏదైనా మనసుపెట్టి వినేటప్పుడు అలాగే కళ్లు మూసేవాడు.

జూలై 19, శనివారం

కాగితం మేడం దగ్గరి నుంచి తిరిగి వచ్చింది. నా అంకెల్లో మూడింటి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఉన్నాయి.

నవ్యశ్రీ సంచిలోంచి బయటికి తీసి, చూసి, మళ్లీ లోపల పెట్టేసింది. ఎర్ర సున్నా అంటే నాకు తెలుసు. నా పలక మీద, కరుణాకర్ పరీక్ష కాగితాల మీద చూసినదాన్నే. తప్పయిన దానికి చుడతారు.

అన్నం సరిగ్గా తిన్నదా? లేదు. పడుకుంది.

జూలై 21, సోమవారం

వాన. తునికాకు ఆరడం లేదు. కోమల పరేషాన్.

నేను ఉప్పు మానేశాను. ఎవరికీ చెప్పలేదు. ఉప్పు వేయకముందే పక్కకు తీసుకున్న నా పప్పు చప్పగా ఉన్నదని నేను అంటే కదా తెలిసేది.

జూలై 23, బుధవారం

ఆ ఆప్షనల్ పేపరు మొదటి పరీక్షలో నవ్యశ్రీకి ఇరవై అయిదుకు తొమ్మిది వచ్చాయి.

ఫోన్‌లో కరుణాకర్ కేకలు వేశాడు. కోమల స్పీకరు పెట్టింది కాబట్టి నాకూ వినబడింది. "ఎవలు తీస్కొమ్మన్నరు గా పేపరు? తేలికది ఇడిశిపెట్టి కష్టమైంది నెత్తి మీద పెట్టుకుంటవా? మార్చుకో." మార్చుకోవడానికి ఆగస్టు పదకొండు దాకా గడువు ఉన్నదట. ఆ రోజు దాటితే ఇక అదే పేపరు, అవే మార్కులు.

నవ్యశ్రీ "సూస్త బాపూ" అన్నది. చూస్తా అంటే మార్చను అని. దానికి రెండేళ్లు ఉన్నప్పటి నుంచి ఆ మాటకు అర్థం అదే.

తొమ్మిదిలో నా పాలు ఎంత? దాన్ని అడిగితే, పరీక్ష వేరు బీపీ కాగితం వేరు అంటుంది. పెద్దవాళ్లకు బాధ కలగకూడదని పిల్లలు అలాగే అంటారు. మూడు చోట్ల తప్పు పడ్డ పిల్ల మీద మేడానికి మంచి అభిప్రాయం ఎలా ఉంటుంది?

ఇంటింటికీ సర్కారు మందులు పంచే ఆశమ్మ ఇచ్చిన బీపీ గోలీ పొద్దున ఒకటి వేసుకోవాలి. వేసుకున్నాను. ఇంకోటి కూడా వేసుకున్నాను, నిన్న మరిచిపోయిన దానికి.

జూలై 24, గురువారం

నిన్న కాదు, మొన్న మరిచిపోయినట్టున్నాను. దానికి ఒకటి వేసుకున్నాను.

జూలై 26, శనివారం

ఎర్ర సున్నాలు రెండే!

మందు మందే కదా. ఒకటి కొంచెం తగ్గిస్తే రెండు మంచిగా తగ్గిస్తాయి. ఇందులో తెలియకపోవడానికి ఏమీ లేదు. పొలానికి కూడా అలాగే వేస్తారు.

నవ్యశ్రీ మాత్రం కాగితం చూస్తూ పెన్ను కొరుకుతున్నది. "ఏం మార్చినవ్ బాపమ్మా?" అన్నది.

"ఏం మారుస్తనే? నేను గింతే."

"ఉప్పు తగ్గించినవా?"

"తగ్గించిన."

నిజమే చెప్పాను. అడిగిన దానికి నిజమే చెప్పాను.

జూలై 30, బుధవారం

రాత్రి అన్నం మానేశాను. తేలికగా ఉన్నది. కొంచెం ఎక్కువ తేలికగా ఉన్నది, నడుస్తుంటే నేల మెత్తగా తగులుతున్నది.

గోలీల పట్టీ ముందే అయిపోయింది. వానకు తడిసిపోయిందని ఆశమ్మకు చెప్పాను. ఆమె ఇంకోటి ఇచ్చి, "సర్కారు మందు మంచిగ దాసుకో పెద్దమ్మా" అన్నది. దాచుకుంటాను.

ఆగస్టు 2, శనివారం

ఒక్క ఎర్ర సున్నా కూడా లేదు.

నాకు ఏడుపొచ్చింది. ఖుర్షీద్‌కు ఒక్కదానికి చెప్పాను, పేపరు మార్చకపోయినా పిల్ల గట్టెక్కుతుంది అని. ఎలా అని అడగలేదు. నా మొహం వంక చూసి, "అక్కా, నువ్వేంది గింత గుంజుకపోయినవ్? తిను జర" అని ఇంటి నుంచి ఖిచ్డీ తెచ్చింది. దాంట్లో ఉప్పు ఉంటుందని తినలేదు. ఆమె ముందు తిన్నట్టు చేశాను.

ఆగస్టు 4, సోమవారం

బాగానే ఉన్నాను.

ఆగస్టు 6, బుధవారం

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

నిన్న పొద్దున బోరు దగ్గర గిన్నెలు తోమి లేవబోయాను. లేచానని గుర్తుంది. తర్వాత కోమల అరుపు గుర్తుంది. "అత్తమ్మా! ఓ అత్తమ్మా!" తల పక్కన గిన్నె దొర్లుతున్న చప్పుడు.

నవ్యశ్రీ అప్పటికి సంచి వేసుకుని బస్సుకు బయలుదేరుతున్నది. సంచి అక్కడే పడేసింది. ఇద్దరూ కలిసి నన్ను మంచం మీద పడుకోబెట్టారు. కోమల ఆటో పిలుస్తా అన్నది. "పిలువు, గానీ గా అయిదు నిమిషాలు నన్ను సూడనియ్" అని పిల్ల మిషన్ తెచ్చింది. పడుకోబెట్టి ఒకసారి చూసింది. మెల్లగా కూర్చోబెట్టి, భుజం పట్టి నిలబెట్టి ఇంకోసారి చూసింది. ఎప్పుడూ అలా రెండుసార్లు చూడలేదు.

"నిలవడంగనే ఇంత పడిపోతుంది" అని తనలో తాను అన్నది. నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"గోలీలు మంచిగ ఏసుకుంటున్నవా?"

"ఏసుకుంటున్న."

"రోజుకెన్ని?"

"ఒకటే బిడ్డా. ఆశమ్మ చెప్పిందే గదా."

అది నా మొహంలోకి చూసింది. కోప్పడుతుంది అనుకున్నాను. కోప్పడలేదు. లోపలికి పోయి గోలీల పట్టీ, గ్లాసులో నీళ్లు తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"ఇయ్యాల ఇంక ఏసుకోలే గదా. రోజు ఎట్ల ఏసుకుంటవో నాకు సూపెట్టు. మింగకు, ఊకె సూపెట్టు."

అందులో ఏమున్నది అనుకుని పట్టీ అందుకున్నాను. బొటనవేలితో నొక్కితే ఒకటి అరచేతిలో పడింది. వేలు ఆగలేదు. పక్కదాన్నీ నొక్కింది. రెండోది పడ్డాక గానీ నాకు తెలియలేదు.

కోమల నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నవ్యశ్రీ గొంతు పెంచలేదు.

"గీ రెండోది ఎవలికి బాపమ్మా?"

"నీకు" అన్నాను.

తర్వాత మొత్తం చెప్పాను. ఎర్ర సున్నాలు, తొమ్మిది మార్కులు, ఉప్పు, రాత్రి అన్నం, తడిసిందని చెప్పిన పట్టీ. చెప్తుంటే కోమల "అయ్యో, అయ్యో" అంటూనే ఉన్నది. నవ్యశ్రీ మొదట నవ్వింది. నవ్వుతూ ఉండగానే దాని మొహం మారిపోయింది.

"గవి నా మార్కులు కావే పిచ్చి బాపమ్మా! బీపీ ఎంతున్నా నాకు మార్కు పోదు. సక్కగ సూసి సక్కగ రాస్తే చాలు. మేడం ఎర్రగ ఎందుకు చుట్టిందో ఎర్కేనా? గీమెకు ఎక్కువున్నది, దవాఖానకు తీస్కపో అని."

"మరి తీస్కపోలేదేం?" అని కోమల అడిగింది.

పిల్ల తల దించుకుంది. "పరీక్ష ఉండె. పరీక్షయినంక తీస్కపోదమనుకున్న. తర్వాత అంకెలు తగ్గినయ్. మంచిగయిందనుకున్న."

ఆటో వచ్చింది. సర్కారు దవాఖానలో డాక్టరమ్మ నవ్యశ్రీ ఆ రెండు అంకెలు రాసిన చీటీ చదివి, "పండవెట్టి ఒకసారి, నిలవెట్టి ఒకసారి చూడాలని నీకెవరు చెప్పారు?" అని అడిగింది. "మా మేడం" అన్నది పిల్ల. ఒక్క సెలైన్ సీసా ఎక్కించారు. రోజుకు గోలీ ఒకటే, ఎక్కువా వద్దు తక్కువా వద్దు, అన్నం మానొద్దు, ఉప్పు తగ్గించుకో గానీ మొత్తానికి మానకు అని చెప్పింది. సాయంత్రం ఇంటికి వచ్చాం.

ఖుర్షీద్ గుమ్మంలోనే తిట్టింది. "నా ఖిచ్డీ కోళ్లకు ఏసినవు గదా? అల్లా సూస్తడు నిన్ను." తిట్టి, మళ్లీ ఖిచ్డీ పెట్టింది. తిన్నాను.

ఆగస్టు 7, గురువారం

పిల్ల నన్ను అన్ని ప్రశ్నలు వేసిందే, అవి ఎక్కడివి? ఇవాళ అడిగాను.

"రోజుకెన్ని అని అడిగితే అందరు ఒకటే అంటరు బాపమ్మా. సిగ్గుకంటరు, తిడ్తరన్న బుగులుకంటరు. గందుకే ఎట్ల ఏసుకుంటరో సూపెట్టుమనాలె. మేడం ప్రాక్టికల్ల చెప్పింది."

"పుస్తకంల ఉన్నదా?"

"లేదు."

"పరీక్షల వస్తదా?"

"రాదు."

ఇదే నాకు అంతుపట్టని సంగతి. నన్ను లేపిన విద్య పరీక్షలో రాదు. పరీక్షలో వచ్చినదానికి తొమ్మిది మార్కులు. సీటు ఇచ్చేవాళ్లు బోరు దగ్గర పడ్డ ముసలమ్మను చూస్తారా, తొమ్మిదిని చూస్తారా? తొమ్మిదినే చూస్తారు. నేను అయినా అంతే కదా, ఎర్ర సున్నాను చూశాను గానీ అది ఎందుకు ఉన్నదో చూడలేదు.

ఇంకో కష్టం కూడా ఉన్నది. బీపీ కాగితం ఇక పనికి రాదు. ఉత్తగా తగ్గిన అంకెలు కావు అవి, నేను తగ్గించినవి. అలాగే ఇచ్చేస్తే మంచి మార్కులు పడతాయి, ఎవరికీ తెలియదు. కోమల అదే అన్నది. "ఇచ్చెయ్యే. మేడానికి ఏమన్న కలొస్తదా?" నవ్యశ్రీ ఆ తారీఖుల పక్కన, ఈ రోజుల్లో రెండు గోలీలు వేసుకున్నది అని రాస్తున్నది. నా పేరు రాసిందేమో అని తొంగి చూశాను. పేరు లేదు. 'డెబ్బై ఏళ్ల స్త్రీ' అని ఉన్నది. అరవై ఎనిమిదే నాకు. దిద్దించాను.

ఆగస్టు 9, శనివారం

రాఖీ. కరుణాకర్ ఫోన్ చేశాడు. ముందు నన్ను తిట్టాడు, తర్వాత ఏడ్చాడు, తర్వాత మళ్లీ పేపరు సంగతి తీశాడు.

"అవ్వా, నీ మాట ఇంటది. సోమవారం దాకే టైమున్నది. మార్చుకొమ్మని నువ్వన్న చెప్పు."

నవ్యశ్రీ బీడీల చాట దగ్గర వాళ్లమ్మకు ఆకు కత్తిరించి ఇస్తున్నది. కత్తెర ఆగింది.

నేను ఎప్పుడూ మార్చుకో అనే వైపే ఉన్నాను. తేలికైన దారి ఉండగా పిల్ల కష్టపడడం ఎవరికి ఇష్టం? కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"నేను చెప్ప బిడ్డా."

"ఎందుకే?"

"అది కింద కూసోని నన్ను అడిగింది. గట్ల అడగనీకె నేర్చుకున్నది. మార్కులు వస్తయో రావో నాకెరుక లేదు. అడుగుడు మాత్రం వచ్చింది."

"గా అడుగుడుకు సీటిస్తరా అవ్వా?"

"ఇయ్యకపోవచ్చు" అన్నాను.

పైసలు కాలుతున్నాయని చివరికి వాడే, "సరే, మీ ముగ్గురు ఒకటయినంక నేనేం జేస్త" అని పెట్టేశాడు. కత్తెర మళ్లీ చప్పుడు చేసింది.

ధైర్యంగా చెప్పాను గానీ, సాయంత్రం నుంచి అదే ఆలోచన. తప్పు చెప్పానా?

ఆగస్టు 11, సోమవారం

నేను కూడా కరీంనగర్ పోయాను. వద్దన్నా పోయాను. కాగితం పాడు చేసింది నేను, మేడానికి చెప్పుకోవాల్సింది నేను. బస్సులో నవ్యశ్రీ నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, దారి పొడుగునా నా మొహమే చూసింది, వాంతి అవుతుందేమోనని. కాలేదు.

తహసీన్ మేడం నేను అనుకున్నంత పెద్దది కాదు, కోమల వయసు ఉంటుంది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నీళ్లు ఇచ్చింది. నేను దారిలో కూడబలుక్కున్నదంతా ఒక్క ఊపులో చెప్పేశాను. పిల్ల తప్పు లేదు, గోలీలు నేనే మింగాను, అడిగితే ఒకటే అన్నాను, మార్కులు కొయ్యాలంటే నాకు కొయ్యండి అని. మేడం నవ్వు ఆపుకున్నది, నాకు కనబడింది.

కాగితం చదివింది. నవ్యశ్రీ రాసిన చోట ఆగి, రెండోసారి చదివింది. ఈసారి ఎర్ర పెన్ను తీయలేదు. "ఈ మూడు వారాలు లెక్కలోకి రావు నవ్యశ్రీ. మళ్లీ మొదటి నుంచి రాయాలి" అన్నది. "సరే మేడం" అన్నది పిల్ల.

నేను ఉండబట్టలేక అడిగాను. ఇన్ని రోజులుగా మోస్తున్నది ఒకటి ఉన్నది కదా.

"అమ్మా, గీ పేపరు దాని సీటుకు సాయం చేస్తదా? నిజం చెప్పుండ్రి. ఇయ్యాల ఆఖరు రోజట."

ఆమె వెంటనే చేస్తుందని అనలేదు. కొంచెం ఆలోచించింది.

"మార్కులకు సాయం చెయ్యదు అవ్వా. పోషకాహారం తీసుకుంటే పర్సెంటేజీ మంచిగుంటది, అది నేను దాచను. ఈ పేపరు లేకుండా సీటు తెచ్చుకున్న పిల్లలు శానామంది ఉన్నరు. కాకపోతే వాళ్లు అక్కడ మొదటి ఏడాది మస్తు ఏడుస్తరు, నాకు ఫోన్లు చేస్తరు. ఈ పిల్ల ఏడ్చుడు ఇప్పుడే అయిపోతది. ఏది మేలో ఆమే చెప్పాలి."

ఇద్దరం నవ్యశ్రీ వైపు చూశాం. కళ్లు మూసుకుని నిలబడి ఉన్నది. తెరిచి, "ఉంట మేడం" అన్నది. "తొమ్మిది మాత్రం ఉండదు. ఇంకెక్కువ దెస్త."

"ఎంత?"

"పదైనా తెస్త" అన్నది. మేడం ఇప్పుడు నవ్వు ఆపుకోలేదు.

అంతే. పేపరు మారలేదు. ఆఫీసు కిటికీ ముందు మార్చుకునే పిల్లల వరుస పొడుగ్గా ఉన్నది, మేం దాని పక్క నుంచి నడిచి బయటికి వచ్చాం. నాకు ఇంకా భయమే. సీటు వస్తుందో రాదో తెలియడానికి రెండేళ్లు ఉన్నది, రెండేళ్లు ఎలా భయపడాలో నాకు తెలుసు. కానీ ఆ వరుసను చూసినప్పుడు మా పిల్ల అందులో లేదని బాధ మాత్రం కలగలేదు.

గేటు దాకా వచ్చాక మేడం వెనక నుంచి పిలిచింది. తన క్లాసు పిల్లలకు అడగడం నేర్పాలట. పుస్తకం చూసి ఒకరినొకరు అడిగితే అందరూ నిజాలే చెప్తున్నారట, అలా నేర్చుకునేది ఏముంటుంది అన్నది. నేను వచ్చి వాళ్ల ముందు కూర్చోవాలి, పిల్లలు ఒక్కొక్కరు వచ్చి నన్ను అడుగుతారు.

"నిజమే చెప్పాల్నా అమ్మా?" అన్నాను.

"ఇంట్లో ఎట్ల చెప్పినవో అట్లనే చెప్పు అవ్వా. పట్టుకునుడు వాళ్ల పని."

నవ్యశ్రీ సిగ్గుతో మొహం తిప్పుకుంది. నేను ఒప్పుకున్నాను. ఖుర్షీద్ కూడా మోకాలు చూపిస్తానని తోడు వస్తుంది. వచ్చే సోమవారం, ఆగస్టు పద్దెనిమిది, పదకొండు గంటలకు.